వెనక గుద్దుడు: తప్పించుకునే పద్ధతి, తగిలాక క్లెయిమ్ తెచ్చుకునే పద్ధతి

గాదంకి టోల్‌గేట్ ముందు ఆగిన వరస, అలిపిరి తనిఖీకి మెల్లగా కదిలే బండ్లు, రాత్రిపూట బంగారుపాళ్యం వైపు రోడ్డు వారగా లైట్లు లేకుండా నిలబెట్టిన లారీ. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఒక బండి వెనక ఇంకో బండి గుద్దుకునే సందర్భాలు చాలావరకు ఇలాంటివే. బ్రేకులు ఫెయిలై గుద్దినవి వీటిలో కొన్నే. బ్రేకు పడుతుంది, ఆగడానికి చోటే ఉండదు. క్లెయిమ్ దగ్గరా ఇదే తంతు. పాలసీ బాగానే ఉంటుంది, గుద్దిన తర్వాత మొదటి అరగంటలో చేయాల్సినవి వదిలేసి, చేయకూడనివి చేసి డబ్బు పోగొట్టుకుంటారు.

ఎంత దూరం వదలాలి

ముందు బండి బ్రేకు లైటు వెలగడం కంట్లో పడి, కాలు యాక్సిలరేటర్ మీంచి తీసి బ్రేకు మీద వేసేసరికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో ఈ ఒకటిన్నర సెకనులోనే కారు 33 మీటర్లు పోతుంది. బ్రేకు పడ్డాక, పొడి రోడ్డు, మంచి టైర్లు అనుకుంటే, ఇంకో 35 మీటర్లు. మొత్తం 68 మీటర్లు. అదే 60లో 45 మీటర్లు, 100లో 97 మీటర్లు. వానకి రోడ్డు తడిస్తే 80లోనే 95 మీటర్ల దాకా కావాలి. వేగం రెండింతలైతే బ్రేకు దూరం నాలుగింతలవుతుంది, అందుకే 80కీ 100కీ మధ్య దాదాపు 30 మీటర్ల తేడా వచ్చింది.

నడిచే బండిలోంచి మీటర్లు కొలవడం ఎవరివల్లా కాదు. సెకన్లు లెక్కపెట్టండి. రోడ్డు పక్క కిలోమీటరు రాయో, కరెంటు స్తంభమో, బ్రిడ్జి నీడో ఒకటి ఎంచుకోండి. ముందు బండి వెనక బంపర్ దాన్ని దాటగానే నింపాదిగా ‘ఒకటి గోవిందా, రెండు గోవిందా, మూడు గోవిందా’ అనుకోండి. ఒక్కోటి దాదాపు ఒక సెకను. మూడోది పూర్తయ్యేలోపే మీ బానెట్ ఆ రాయిని చేరిందంటే దగ్గరగా ఉన్నట్టే, కాలు తీయండి. 80లో మూడు సెకన్లంటే 67 మీటర్లు, పైన వేసిన లెక్కకి సరిగ్గా సరిపోతుంది. వాన, రాత్రి, ఘాట్, ముందు పెద్ద లారీ, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఐదు దాకా లెక్కపెట్టాలి.

‘అంత ఖాళీ వదిలితే ఎవడో ఒకడు దూరతాడు’ అనేది అందరూ చెప్పే మాట. దూరతాడు, నిజమే. మళ్లీ కాలు తీసి మూడు సెకన్లు తెచ్చుకోవాలి. తిరుపతి నుంచి చిత్తూరు సుమారు 70 కిలోమీటర్లు. దారిలో ఇరవై మంది దూరినా మీరు పోగొట్టుకునేది ఒక నిమిషం.

ముందు బండి మీద ఒక్కదాని మీదే చూపు పెట్టకండి. దాని అద్దాల్లోంచి అవతలి బండి బ్రేకు లైట్లు కనబడితే సగం ప్రమాదం ముందే తెలుస్తుంది. లారీ వెనక ఇది కుదరదు, అందుకే లారీ వెనక ఎక్కువ దూరం కావాలి. ముందున్న డ్రైవరుకి రోడ్డు మీద గుంతా, గేదే, ఆగిన ఆటో కనిపిస్తాయి. మీకు కనిపించేది లారీ వెనక రాసిన ‘సౌండ్ హారన్’ ఒక్కటే.

మిమ్మల్ని వెనక నుంచి గుద్దకుండా చూసుకోవడం ఇంకో పని. వెనక ఎవరైనా అంటుకుని వస్తుంటే మీరు వేగం పెంచడం వల్ల ఉపయోగం లేదు, వాళ్లూ పెంచుతారు. మీ ముందు ఖాళీని ఇంకా పెంచండి. అప్పుడు మీరు గట్టిగా బ్రేకు కొట్టాల్సిన అవసరం తగ్గుతుంది, వెనకవాడికి సమయం దొరుకుతుంది. దూరంగా వరస ఆగి ఉండటం కనిపిస్తే మొదట బ్రేకు తేలిగ్గా రెండుసార్లు తాకించి లైట్లు వెలిగించండి, హజార్డ్ లైట్లు వేయండి, తర్వాత ఆగండి. ఆగాక ముందు బండి వెనక టైర్లు రోడ్డుని తాకే చోటు మీకు కనబడేంత జాగా వదలండి. వెనక కనీసం రెండు బండ్లు వచ్చి ఆగేదాకా బ్రేకు మీంచి కాలు తీయకండి, చూపు వెనక అద్దంలోనే ఉంచండి. ఎవరైనా ఆగేలా కనబడకపోతే ఆ ముందు జాగాలోకి జరగడానికి వీలుంటుంది.

తప్పెప్పుడూ వెనకవాడిదే అనే ధీమా కూడా వద్దు. హైవే మధ్యలో సిగ్నల్ ఇవ్వకుండా హఠాత్తుగా బండి ఆపడం నిర్లక్ష్యమేనని 2025లో సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చింది. దారి తప్పామని మ్యాప్ చెప్పగానే ఉన్నచోటే బ్రేకు కొట్టడం ఈ లెక్కలోకే వస్తుంది. దాటిపోయిన మలుపుని దాటిపోనిచ్చి, ముందు యూటర్న్ దగ్గర తిరగండి.

ఇక్కడి రోడ్ల సంగతి

తిరుమల దిగే ఘాట్‌లో వెనక గుద్దుళ్లకి మూలం వేడెక్కిన బ్రేకులు. పైనుంచి కిందికి 18 కిలోమీటర్లు కాలు బ్రేకు మీదే ఉంచి దిగితే ప్యాడ్లు మాడిన వాసన వస్తుంది, పెడల్ మెత్తబడుతుంది, సరిగ్గా హెయిర్‌పిన్ మలుపు దగ్గర ముందు బండి ఆగినప్పుడు మన బండి ఆగదు. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కారో దిగేటప్పుడూ అదే గేరు: మామూలు కార్లలో రెండు, గట్టి మలుపుల్లో ఒకటి. ఆటోమేటిక్ బండ్లలో ఎల్ గానీ మాన్యువల్ మోడ్ గానీ పెట్టి 1, 2లో దించాలి. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకు అవసరమైనప్పుడు గట్టిగా, కొద్దిసేపు తొక్కి వదిలేయాలి. తేలిగ్గా ఆనించి ఉంచితేనే వేడెక్కుతుంది. పెట్రోలు ఆదా అని ఇంజన్ ఆపి న్యూట్రల్‌లో దించేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇంజన్ ఆగితే బ్రేకు బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది, తర్వాత పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, పవర్ స్టీరింగూ ఉండదు.

టీటీడీ దిగడానికి 40 నిమిషాలు, ఎక్కడానికి 28 నిమిషాలు కనీస సమయంగా పెట్టింది. లెక్క వేస్తే దిగేటప్పుడు సగటున గంటకి 27 కిలోమీటర్లు. కింద గేటు దగ్గర టైము చూస్తారు కాబట్టి ముందు బండిని తోసుకుంటూ పోయి సాధించేదేమీ లేదు. 27లో కూడా మూడు నాలుగు కారు పొడవుల దూరం కావాలి, వాలులో బ్రేకు దూరం ఇంకా పెరుగుతుంది. పెడల్ మెత్తబడితే వెడల్పు చోటు చూసి ఆపి, గేరులో పెట్టి, టైరు కింద రాయి వేసి 15, 20 నిమిషాలు వదిలేయండి. డిస్కుల మీద నీళ్లు పోస్తే వంకర పోతాయి. ఎక్కే దారిలో ప్రమాదం తిరగబడుతుంది. మలుపులో ఆగిన ముందు బండి మళ్లీ కదిలేటప్పుడు వెనక్కి జారుతుంది. ఒక కారు పట్టేంత జాగా వదిలి ఆగండి.

పలమనేరు నుంచి చిత్తూరు వైపు దిగే మొగిలి ఘాట్‌లో భయం వెనక నుంచి వచ్చే లోడు లారీ. అక్కడ లారీల మధ్య ఇరుక్కుని దిగకండి. వెనక లారీ తరచూ హారన్ కొడుతూ, లైట్లు వేస్తూ వస్తుంటే దాన్ని విసుగు అనుకోవద్దు, బ్రేకులు పోయి ఉండొచ్చు. ఎడమకి తప్పుకుని దారి వదలండి.

మామిడి సీజన్, అంటే మే చివరి నుంచి జులై దాకా, దామలచెరువు మార్కెట్‌కీ గుజ్జు ఫ్యాక్టరీలకీ తోతాపురి లోడ్లతో ట్రాక్టర్లు రాత్రింబవళ్లు తిరుగుతాయి. చాలా ట్రాలీలకి వెనక లైటు ఉండదు, ఉన్నా కాయల సంచులు కప్పేస్తాయి. ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. డిమ్ లైటులో రోడ్డు బాగా కనబడేది సుమారు 50 మీటర్లు. 80లో ఆగడానికి 68 మీటర్లు కావాలి. అంటే డిమ్‌లో 80లో పోతున్న బండి ముందు లైట్లు లేని లారీ ఆగి ఉంటే, కనబడ్డాక ఎంత గట్టిగా బ్రేకు కొట్టినా గుద్దడం ఖాయం. 60లో 45 మీటర్లు కాబట్టి కొద్దిలో తప్పుతుంది. ఎదురు బండ్ల వల్ల బ్రైట్ వేయలేని రోడ్డు మీద రాత్రి 60 దాటకూడదు అనేది ఈ లెక్క నుంచి వచ్చిన మాటే.

పురటాసి నెలలో (సెప్టెంబరు, అక్టోబరు మధ్య) తమిళనాడు నుంచి తిరుమలకి నడిచి వచ్చే భక్తులు పుత్తూరు, చిత్తూరు రోడ్ల అంచున రాత్రంతా నడుస్తుంటారు. వాళ్లని చూసి ముందు బండ్లు ఉన్నట్టుండి నెమ్మదిస్తాయి. వడమాలపేట, గాదంకి, మహాసముద్రం టోల్‌గేట్లకి కిలోమీటరు ముందే కాలు తీయండి. తిరుపతి ఊళ్లో లీలామహల్ సర్కిల్, రేణిగుంట రోడ్డు సంగతి తెలిసిందే: చెయ్యి ఊపితే చాలు, షేర్ ఆటో ఉన్నచోటే ఆగిపోతుంది. ఆటో వెనక పోతున్నంతసేపూ ఇంకో సెకనులో ఆగుతుందనే అనుకోవాలి.

బండిలో చూసుకోవాల్సినవి

టైరు గాడి లోతు చట్టప్రకారం 1.6 మిల్లీమీటర్లు ఉంటే చాలు, కానీ వానాకాలానికి 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చేయడం మేలు. గాడిలో అడ్డంగా చిన్న దిమ్మె ఉంటుంది, టైరు దాని మట్టానికి అరిగితే పని అయిపోయినట్టే. టైరు పక్కన నాలుగంకెల ముద్ర చూడండి: 2321 అంటే 2021లో 23వ వారం తయారీ. గాడి ఉన్నా రబ్బరు గట్టిపడిన పాత టైరు తడి రోడ్డు మీద జారుతుంది.

బ్రేకు ప్యాడు మందం 3 మిల్లీమీటర్లకి వస్తే మార్చాలి. బ్రేకు ఆయిల్ రెండేళ్లకోసారి. దీన్ని చాలామంది పట్టించుకోరు, కొండ కింద ఉండే మనకి ఇదే ముఖ్యం. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమని పీలుస్తుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. నీరు చేరిన ఆయిల్‌కి ఆ హామీ 155 డిగ్రీలకే. ఘాట్‌లో ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు, ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ నేలదాకా పోతుంది.

వారానికోసారి బండి వెనక గోడ ఉన్నచోట ఆపి బ్రేకు తొక్కితే మూడు బ్రేకు లైట్లూ వెలుగుతున్నాయో లేదో గోడ మీదే కనబడుతుంది. హెడ్‌రెస్ట్ పై అంచు తల పైభాగానికి సమానంగా ఉండాలి, తలకీ దానికీ మధ్య 5 సెంటీమీటర్లకి మించి ఖాళీ ఉండకూడదు. వెనక నుంచి దెబ్బ తగిలినప్పుడు మెడ వెనక్కి విరగకుండా ఆపేది అదొక్కటే, ఇలాంటి దెబ్బలో ఎయిర్‌బ్యాగులు సాధారణంగా తెరుచుకోవు. వెనక సీటులో కూర్చున్నవాళ్లకీ బెల్టు తప్పనిసరి. డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉంటే దాని స్టాండు బోల్టులు బిగుతుగా ఉన్నాయా, మూడేళ్లకోసారి చేసే హైడ్రో టెస్ట్ తేదీ దాటిందా చూసుకోండి.

తగిలాక మొదటి అరగంట

ఇంజన్ ఆపి, హజార్డ్ లైట్లు వేసి, ముందు మనుషుల్ని రోడ్డు మీంచి పక్కకి తీసుకెళ్లండి. వెనక వచ్చే బండి రెండోసారి గుద్దడం హైవే మీద మామూలు. ట్రయాంగిల్ బోర్డు 50 మీటర్లు వెనక పెట్టండి, హైవే అయితే ఇంకా దూరంగా. సీఎన్‌జీ బండికి వెనక దెబ్బ తగిలితే వాసన ఉన్నా లేకున్నా సిలిండర్ వాల్వ్ కట్టేయండి.

గాయాలుంటే 112. ఫొటోలూ వాదనలూ తర్వాత. రోడ్డు ప్రమాద బాధితులకి నగదు లేకుండా చికిత్స చేసే కేంద్ర పథకం 2025 మే నుంచి అమల్లో ఉంది. పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో ఒక్కొక్కరికి రూ. 1.5 లక్షల దాకా, ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు చికిత్స అందుతుంది. గాయపడినవాళ్లని ఆసుపత్రిలో చేర్చినవాళ్లని పోలీసులు గానీ ఆసుపత్రి గానీ బలవంతంగా ఉంచుకోకూడదు, మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ ఇందుకే ఉంది. మెడ దెబ్బ ఆ పూట తెలియదు, మర్నాడు పొద్దున మెడ తిరగదు. అనుమానం ఉంటే అదే రోజు చూపించుకుని చీటీ దగ్గర పెట్టుకోండి.

బండ్లు కదల్చకముందు ఫొటోలు తీయండి. ముందు దూరం నుంచి రెండు బండ్లూ, రోడ్డూ, ఏదైనా గుర్తు పట్టే బోర్డూ కలిసి వచ్చేలా నాలుగు వైపుల నుంచి. తర్వాత దగ్గర నుంచి దెబ్బలు, రెండు నంబరు ప్లేట్లు, రోడ్డు మీద టైరు గీతలు, విరిగిన ముక్కలు, అవతలి డ్రైవరు లైసెన్సు. ఒక చిన్న వీడియో. తర్వాత ట్రాఫిక్ ఆగకుండా బండ్లు పక్కకి తీయండి. డ్యాష్‌క్యామ్ ఉంటే మెమరీ కార్డు వెంటనే తీసేయండి, లేకపోతే పాత వీడియో మీద కొత్తది ఎక్కేస్తుంది. అవతలి బండి ఇన్సూరెన్స్ ఎవరిదో, ఎప్పటిదాకా ఉందో ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూడొచ్చు.

వరసగా మూడు నాలుగు బండ్లు గుద్దుకున్నప్పుడు మధ్య బండివాడి కష్టం వేరు. వెనకవాడు గుద్దడం వల్ల మీరు ముందు బండికి తగిలారా, లేక మీరే ముందు తగిలాక వెనకవాడు వచ్చాడా అన్నదాన్ని బట్టి బాధ్యత మారుతుంది. వెనక డిక్కీ దెబ్బ, ముందు బంపర్ దెబ్బ ఒకే ఫొటోలో పోల్చేలా పక్క నుంచి తీయండి. రెండు దెబ్బలూ ఒకే ప్రమాదం కాబట్టి క్లెయిమ్ ఒకటే.

ఇక చేయకూడనివి. ‘తప్పు నాదే, ఖర్చు నేనిస్తా’ అని కాగితం రాయకండి. ఇన్సూరెన్స్ కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా బాధ్యత అంగీకరించకూడదని పాలసీలోనే షరతు ఉంటుంది. అవతలివాడిచ్చే డబ్బు తీసుకుని రాజీ కాగితం మీద సంతకం పెట్టాక అదే దెబ్బకి క్లెయిమ్ వేస్తే కంపెనీ అభ్యంతరం చెప్పే వీలుంటుంది. చిన్న గీతకి చేతిలో డబ్బుతో సర్దుకోవడం తెలివైన పనే, మనిషికి దెబ్బ తగిలితే మాత్రం ఆ దారి పట్టొద్దు.

ముందు భాగానికి దెబ్బ తగిలినప్పుడు చాలా డబ్బు పోయే తప్పు ఒకటుంది: ‘నడుస్తోందిగా’ అని బండి తోలుకుని ఇంటికి రావడం. బంపర్ లోపల కండెన్సర్, దాని వెనక రేడియేటర్. చిన్న పగులు పడినా కూలెంట్ కారిపోయి పది కిలోమీటర్లలో ఇంజన్ వేడెక్కి పట్టేస్తుంది. అప్పుడు రేడియేటర్ డబ్బు వస్తుంది, ఇంజన్ డబ్బు రాదు. దెబ్బ తిన్న బండిని రిపేరు చేయకుండా నడిపినందువల్ల పెరిగిన నష్టం యజమానిదే అని మామూలు పాలసీ స్పష్టంగా చెబుతుంది. బండి కింద పచ్చగానో గులాబీగానో తడి కనబడితే, టెంపరేచర్ ముల్లు లేస్తే, ఆపి టోయింగ్ పిలవండి. మామూలు పాలసీ టోయింగ్‌కి ఇచ్చేది రూ. 1,500 దాకానే. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకుని ఉంటే ఆ నంబరుకి చేయండి.

ఎవరి ఇన్సూరెన్స్

‘వాడు గుద్దాడు కదా, వాడి ఇన్సూరెన్స్ ఇవ్వాలి’ అన్న మాట న్యాయమే, ఆచరణలో మాత్రం ఆ డబ్బు కౌంటర్‌లో దొరకదు. అవతలి బండి థర్డ్ పార్టీ పాలసీ (ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికి ఇచ్చేది) నుంచి మన బండి ఖర్చు రాబట్టాలంటే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. ఆస్తి నష్టానికి ప్రైవేటు కారు పాలసీలో పరిమితి సాధారణంగా రూ. 7.5 లక్షలు. కేసు సాగే కాలం, వకీలు ఖర్చు చూస్తే బంపర్, డిక్కీ డోరు స్థాయి నష్టానికి అది పనికిరాదు. అందుకే తప్పు ఎవరిదైనా, మన బండి మన పాలసీలోని ఓన్ డ్యామేజ్, అంటే ఓడీ భాగంతోనే బాగుచేయించుకుంటాం. మీ దగ్గర థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే మీ బండికి మీ కంపెనీ పైసా ఇవ్వదు. గాయాలకీ మరణానికీ మాత్రం ట్రిబ్యునల్ తప్పనిసరి దారి. ఆరు నెలల్లోపు దరఖాస్తు చేయాలని చట్టం, ఎదురుచూడకండి.

ఒట్టి రేకు దెబ్బకి ఎఫ్‌ఐఆర్ అక్కర్లేదు. గాయం ఉన్నా, ఎదుటివాళ్ల ఆస్తి నష్టపోయినా, గుద్దినవాడు పారిపోయినా పోలీస్ స్టేషన్‌లో చెప్పాలి. గాయం జరిగితే 24 గంటల్లో తెలియజేయడం డ్రైవరు బాధ్యత.

క్లెయిమ్ వేసే ముందు లెక్క

ఫోన్ తీసి క్లెయిమ్ నమోదు చేసేముందు ఒక కాగితం తీయండి. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ వేయని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 20, 25, 35, 45, 50 శాతంగా ఐదేళ్లలో పెరుగుతుంది, ఓడీ ప్రీమియంకి మాత్రమే వర్తిస్తుంది. 50లో ఉన్నవాళ్లు ఒక్క క్లెయిమ్ వేస్తే సున్నాకి పడతారు. తిరిగి 50కి వచ్చేదాకా కోల్పోయేది ఏటా 50, 30, 25, 15, 5 శాతం. కూడితే 125. అంటే ఒక క్లెయిమ్ ఖరీదు బోనస్‌కి ముందున్న ఓడీ ప్రీమియంకి ఒకటింపావు రెట్లు. ఆ ప్రీమియం రూ. 8,000 అయితే రూ. 10,000. బోనస్ ప్రొటెక్షన్ తీసుకున్నవాళ్లకి ఈ లెక్క మారుతుంది.

ఇప్పుడు వచ్చే డబ్బు. జీరో డిప్ (తరుగు కోయకుండా ఇచ్చే అదనపు కవర్) లేని పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి 50 శాతం తరుగు కోస్తారు. గాజుకి తరుగు లేదు. ఇనుప భాగాలకి బండి వయసుని బట్టి: ఆరు నెలల దాకా లేదు, ఏడాదిలోపు 5, రెండేళ్లలోపు 10, మూడేళ్లలోపు 15, నాలుగేళ్లలోపు 25, ఐదేళ్లలోపు 35, పదేళ్లలోపు 40, ఆపైన 50 శాతం. పెయింటింగ్ బిల్లులో పావు భాగాన్ని రంగు ఖరీదుగా తీసుకుని అందులో సగం కోస్తారు. చివర్లో ప్రతి క్లెయిమ్‌కీ 1500 సీసీ దాకా రూ. 1,000, ఆపైన రూ. 2,000 మీరు కట్టాలి.

మూడున్నరేళ్ల చిన్న కారుకి వెనక దెబ్బ అనుకుందాం. వెనక బంపర్ రూ. 6,000, డిక్కీ డోరు 14,000, టెయిల్ ల్యాంప్ 4,500, టింకరింగ్, బిగింపు కూలి 5,000, పెయింటింగ్ 8,000. మొత్తం 37,500. తరుగు వరసగా 3,000, 3,500, 2,250, పెయింటింగ్‌కి 1,000, కలిపి 9,750. ఇంకో 1,000 తీస్తే కంపెనీ ఇచ్చేది 26,750. పది వేల బోనస్ పోయినా క్లెయిమ్ వేయడమే లాభం. అదే బంపర్‌కి గీత పడి రంగుకి రూ. 4,000 అయితే చేతికొచ్చేది 2,500. దానికోసం పది వేలు వదులుకోవడం ఎందుకు? షెడ్డువాళ్లు ‘ఎలాగూ ఇన్సూరెన్సే కదా’ అని తొందరపెడతారు, వాళ్లకి పోయేదేమీ లేదు. పాత గీతలన్నీ ఇందులో కలిపేద్దాం అనే సలహా కూడా అక్కడే వినబడుతుంది. ఒక్కో ప్రమాదం ఒక్కో క్లెయిమ్. తుప్పు పట్టిన పాత సొట్టని సర్వేయర్ (నష్టం అంచనా వేయడానికి కంపెనీ పంపే మనిషి) వెంటనే గుర్తుపడతాడు, ఆ తర్వాత మీ మిగతా మాటలూ నమ్మడు.

క్లెయిమ్ నడిపే తీరు

నంబరు పాలసీ కాగితం మీంచే తీసుకోండి. నెట్‌లో వెతికితే దొరికే కస్టమర్ కేర్ నంబర్లలో దొంగవి ఉంటాయి. అదే రోజు తెలియజేసి క్లెయిమ్ నంబరు రాసుకోండి. కావాల్సినవి: ఆర్‌సీ, ఆ సమయంలో నడిపినవారి లైసెన్సు, పాలసీ, క్లెయిమ్ ఫారం, షెడ్డు ఎస్టిమేట్, అవసరమైతే ఎఫ్‌ఐఆర్. క్లెయిమ్ ఫారంలో జరిగింది జరిగినట్టు, తేదీ, సమయం, చోటు, ఏ వైపు తగిలిందో నాలుగు వాక్యాల్లో రాయండి. ఫోన్‌లో చెప్పిందీ ఫారంలో రాసిందీ తేడా వస్తే క్లెయిమ్ అక్కడే ఆగుతుంది. లైసెన్సు లేని అబ్బాయి నడిపితే నాన్న నడిపినట్టు రాయడం అబద్ధపు క్లెయిమ్, పట్టుబడితే మొత్తం పోతుంది.

క్యాష్‌లెస్ కావాలంటే మీ కంపెనీ జాబితాలో ఉన్న షెడ్డుకే బండి చేర్చాలి, లేదంటే ముందు మీరు కట్టి తర్వాత తెచ్చుకోవాలి. సర్వేయర్ చూడకముందు ఒక్క బోల్టు కూడా విప్పనివ్వకండి. విప్పాక లోపల దెబ్బలు బయటపడితే, ఉదాహరణకి బంపర్ వెనక బీమ్ వంగి ఉంటే, డిక్కీ ఫ్లోర్ ముడతపడి ఉంటే, అదనపు ఎస్టిమేట్ ఇప్పించి సర్వేయర్‌ని మళ్లీ పిలిపించాలి. మార్చిన పాత సామాను అతను చూసేదాకా పారేయకూడదు. ఇన్సూరెన్స్ కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024 మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్ అందిన 24 గంటల్లో సర్వేయర్‌ని కేటాయించాలి, 15 రోజుల్లో నివేదిక రావాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ తేల్చాలి. రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో బండికి కట్టిన విలువలో, 75 శాతం దాటితే టోటల్ లాస్‌గా తీసుకుంటారు. బండి మీద లోను ఉంటే ఆ డబ్బు ముందు బ్యాంకుకి పోతుంది.

బండి తీసుకునేటప్పుడు డిక్కీ డోరు చుట్టూ సందు సమానంగా ఉందా చూసి, పైపుతో నీళ్లు కొట్టించి స్పేర్ టైరు గుంతలోకి చెమ్మ దిగుతోందేమో చూడండి. పార్కింగ్ సెన్సార్లు, కెమెరా, వీల్ అలైన్‌మెంట్ కూడా. నంబరు ప్లేటు విరిగితే హై సెక్యూరిటీ ప్లేటుకి మళ్లీ దరఖాస్తు చేయాలి.

ఎందుకు కొట్టేస్తారు

మన ఊళ్లో ఎక్కువగా ఇబ్బంది తెచ్చేది వైట్ బోర్డు కారుని, అంటే సొంత వాడకానికి రిజిస్టర్ చేసిన కారుని, తిరుమల, కాణిపాకం, కాళహస్తి ట్రిప్పులకి కిరాయికి తిప్పడం. ప్రైవేటు పాలసీ కిరాయి వాడకానికి వర్తించదు, బండిలో ఉన్న యాత్రికులు ‘మూడు వేలకి మాట్లాడుకున్నాం’ అని ఒక్క మాట అంటే చాలు. తాగి నడపడం, లైసెన్సు లేకపోవడం, గడువు తీరిన పాలసీ అందరికీ తెలిసినవే. సెకండ్ హ్యాండ్ కారు కొన్న 14 రోజుల్లో పాలసీ పేరు మార్పించుకోకపోతే థర్డ్ పార్టీ భాగం కొనసాగుతుంది, ఓడీ రాదు. బయట బిగించిన సీఎన్‌జీ కిట్ ఆర్‌సీలోనూ పాలసీలోనూ ఎక్కించి ఉండాలి. పొల్యూషన్ సర్టిఫికెట్ లేదన్న ఒక్క కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదని 2020లో ఐఆర్‌డీఏఐ స్పష్టం చేసింది.

తిరస్కరించినా, తక్కువ ఇచ్చినా, పాలసీలో ఏ షరతు ప్రకారమో రాతపూర్వకంగా అడగండి, సర్వేయర్ నివేదిక నకలూ అడగండి. మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. అక్కడ పని కాకపోతే ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల బీమా భరోసా పోర్టల్ లేదా 155255. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఇన్సూరెన్స్ తగాదాలు తీర్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్ క్లెయిమ్‌లు చూసే కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, రూ. 50 లక్షల దాకా వినే అధికారం ఉంది. అంబుడ్స్‌మన్ తీర్పు మీరు ఒప్పుకోకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ తలుపు తెరిచే ఉంటుంది. కానీ అక్కడ ముందే కేసు వేస్తే అదే విషయాన్ని అంబుడ్స్‌మన్ వినరు, కాబట్టి ఖర్చు లేని దారి మొదట చూడండి.